మధ్యాహ్నానికి మందగించే పొక్లెయిన్: ఒక ఎర్త్ లోపం కేస్ స్టడీ

పంపు విప్పే ముందు ఒక్కసారి వచ్చి చూడమని యజమాని ఫోను చేసింది మే నెల మొదటి వారంలో. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు క్వారీ. రాయి మీది మట్టినీ, పనికిరాని రాతిముక్కలనూ తీసి టిప్పర్లకు ఎత్తే 20 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్ అది. క్వారీలో అందరూ దాన్ని పొక్లెయిన్ అనే అంటారు. మీటరు మీద 9,400 గంటలు తిరిగింది. ఉదయం చక్కగా పనిచేస్తుంది, పదకొండు దాటాక మందగిస్తుంది, పొద్దుగూకేసరికి మళ్లీ కోలుకుంటుంది. నెల రోజులుగా ఇదే వరస.

అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు చూశారు. హైడ్రాలిక్ ఆయిలు మార్చారు. రిటర్న్ ఫిల్టరు, పైలట్ ఫిల్టరు మార్చారు. ఆయిల్ కూలర్ రేకుల మధ్య పేరుకున్న రాతిపొడిని గాలి కొట్టి వదిలించారు. ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు తిప్పి చూశారు. ఏమీ గుణం కనిపించలేదు. వేడెక్కితే ఆయిలు పలచబడుతుంది, పలచబడిన ఆయిలు అరిగిన పంపులో లోపలే జారిపోతుంది, కాబట్టి మెయిన్ పంపు పోయింది అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఆ ఆలోచన తీసిపారేయదగినది కాదు. అరిగిన పంపు వేడికి మందగించే మాట నిజమే. మానిటర్‌లో ఒక్క ఫాల్ట్ కోడు కూడా లేకపోవడంతో కరెంటు వైపు చూడాలని ఎవరికీ అనిపించలేదు. కోడు లేదంటే వైరింగు బాగున్నట్టే అనే నమ్మకం మా వృత్తిలో చాలా బలంగా నాటుకుపోయింది. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఆ నమ్మకమే.

ఆపరేటరు చెప్పిన రెండు మాటలు

యంత్రాన్ని ముట్టుకునే ముందు ఆపరేటరుతో అరగంట కూర్చోవడం నాకు అలవాటు. రోజుకు పది గంటలు ఆ సీట్లో ఉండే మనిషికి తెలిసినది ఏ మీటరుకూ తెలియదు. పగటి షిఫ్టు కుర్రవాడు మొదట చెప్పిన మాట ఇది: "బలం ఉంది అన్నా, చురుకే లేదు. బకెట్ మట్టిలో దించితే ఎప్పటిలాగే చీలుస్తుంది. ఖాళీ బూమ్ ఎత్తేటప్పుడూ, తిరిగేటప్పుడూ నీరసంగా ఉంటుంది."

ఈ ఒక్క మాట పంపు మీద అనుమానాన్ని సగం తగ్గించింది. హైడ్రాలిక్స్‌లో బలం అంటే ఒత్తిడి, వేగం అంటే ప్రవాహం. పంపు అరిగినప్పుడు లోపల జారిపోయే ఆయిలు ఒత్తిడితోపాటు పెరుగుతుంది. అంటే అరిగిన పంపు గట్టిగా తవ్వేటప్పుడే ఎక్కువ నీరసపడాలి, ఖాళీ కదలికల్లో కాస్త నయంగా ఉండాలి. ఇక్కడ జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

రెండో మాట రాత్రి షిఫ్టు ఆపరేటరుది. అతనికి అసలు ఫిర్యాదే లేదు. రాత్రి చల్లగా ఉంటుంది కనుక పంపు బాగా పనిచేస్తోందని అందరూ సర్దిచెప్పుకున్నారు. నేనూ ఆ వేళకు అలాగే అనుకున్నాను.

ఇంకొక ప్రశ్న ప్రతి యంత్రం దగ్గరా తప్పక అడుగుతాను: ఈ మధ్య యంత్రం మీద వెల్డింగు చేశారా? బకెట్ పళ్లు అరిగితే క్వారీలో అక్కడికక్కడే వెల్డింగు పెడతారు. బ్యాటరీ తీయకుండా, కంట్రోలర్ (యంత్రాన్ని నడిపే కంప్యూటరు పెట్టె) కప్లర్లు, అంటే వైర్ల ప్లగ్గులు, విప్పకుండా, వెల్డింగు ఎర్త్ క్లాంపును ఎక్కడో దూరంగా తగిలించి పని కానిస్తే ఆ కరెంటు వెతుక్కునే దారిలో ఏది కాలిపోతుందో చెప్పలేం. ఈ యంత్రానికి వెల్డింగు జరగలేదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ యజమాని ఇంకో సంగతి బయటపెట్టారు. అంతకుముందు వానాకాలంలో యంత్రం నెల రోజులు ఊరికే నిలబడితే ఎలుకలు వైర్లు కొరికాయి, ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి అతికించి వెళ్లాడు. ఆ తర్వాత ఫిబ్రవరిలో కేబిన్‌కు ఏసీ బిగించారు. రెండూ నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ క్షణాన వాటికి పెద్ద విలువ ఇవ్వలేదు.

ఈ యంత్రంలో పంపును ఎవరు నడిపిస్తారు

పాత యంత్రాల్లో లివరు కదిపితే అన్నీ ఆయిలే చూసుకునేది. ఇప్పటి యంత్రాల్లో లివర్ల నుంచి వాల్వు దాకా 35, 40 బార్ల ఒత్తిడిలో పైలట్ ఆయిలే (ఆజ్ఞను మోసే ఆయిలు) వెళుతుంది కానీ, మెయిన్ పంపులు ఎంత ఆయిలు పంపాలో నిర్ణయించేది కంట్రోలర్. రెండు పిస్టన్ పంపులు, వాటి లోపల వంపు మారే స్వాష్ ప్లేటు. వంపు ఎక్కువైతే ప్రవాహం ఎక్కువ. ఆ వంపును మార్చే రెగ్యులేటరు మీద ఒక ప్రపోర్షనల్ సొలినాయిడ్, అంటే కరెంటును బట్టి నెట్టే బలం మారే కాయిల్, ఉంటుంది. కంట్రోలర్ దానికి కొన్ని వందల మిల్లీ ఆంపియర్ల కరెంటు కొలిచి పంపుతుంది. ఈ యంత్రంలో ఆ కరెంటు పెరిగితే పంపు తగ్గుతుంది. కొన్ని తయారీల్లో కరెంటు పెరిగితే పంపు పెరుగుతుంది. మాన్యువల్‌లో ఇది చూసుకోకుండా మీటరు పెడితే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

కంట్రోలర్ ఇలా తగ్గించడం ఎందుకు? ఇంజను ఆగిపోకుండా. నిమిషానికి లీటర్లలో ప్రవాహాన్ని బార్లలో ఒత్తిడితో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. రెండు పంపులూ కలిసి 440 లీటర్లు పంపుతుంటే 136 బార్ల దగ్గరే దాదాపు 100 కిలోవాట్లు ఖర్చవుతాయి. ఈ తరగతి ఇంజను పంపులకు ఇవ్వగలిగింది ఇంచుమించు అంతే. ఒత్తిడి 200 బార్లకు చేరితే ప్రవాహం 300 లీటర్లకు దిగాలి, లేకపోతే ఇంజను అణిగిపోతుంది. అందుకే రెండు పంపుల దగ్గరా చెరొక ప్రెషర్ సెన్సారు పెట్టి, ఒత్తిడి పెరిగేకొద్దీ కంట్రోలర్ పంపు వంపును తగ్గిస్తూ పోతుంది.

ఆ సెన్సార్లకు మూడేసి వైర్లు: 5 వోల్టుల సరఫరా, సిగ్నలు, ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి). ఒత్తిడి సున్నా అయితే సిగ్నలు 0.5 వోల్టు, 500 బార్లు అయితే 4.5 వోల్టులు. ఈ హద్దులకు బాగా కిందికో పైకో పోతేనే కంట్రోలర్ ఫాల్ట్ కోడు వేస్తుంది. హద్దుల మధ్య ఏ అంకె వచ్చినా దాన్ని నిజమనే నమ్ముతుంది.

మొదటి సగం రోజు

ఉదయం ఆరున్నరకు యంత్రం దగ్గరున్నాను. గేజీలు బిగించే ముందు బకెట్ నేల మీద ఆనించి, ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి లివర్లు అటూ ఇటూ తిప్పి, ట్యాంకు మీది గాలి మూత వదులు చేశాను. ఇది ఎవరికైనా తెలిసిందే అనిపించవచ్చు. కానీ సన్నని ధారగా చిమ్మే హైడ్రాలిక్ ఆయిలు చర్మంలోకి దూరితే చేతినే కోల్పోవలసి రావచ్చు. తొందరలో ఈ పని దాటవేసే కుర్రవాళ్లను రోజూ చూస్తున్నాను, అందుకే రాశాను.

రెండు మెయిన్ పంపులకూ 600 బార్ల గేజీలు, పైలట్ లైనుకు 60 బార్ల గేజీ బిగించాం. ఆయిలు 50 డిగ్రీలు దాటాక, ఇంజను పూర్తి వేగంలో కొలతలు తీసుకున్నాను. బూమ్ నేల నుంచి పైదాకా లేవడానికి 3.5 సెకన్లు. మూడు చుట్లు తిరగడానికి 16 సెకన్లు. రెండూ ఈ యంత్రానికి ఉండవలసినవే. పైలట్ ఒత్తిడి 38 బార్లు. రిలీఫ్ దగ్గర మాత్రం గేజీ 370 చూపించింది, ఉండవలసింది 350. మందగింపు వదిలించాలని ఎవరో రిలీఫ్ బిగించారు. బలం తక్కువని ఎవరూ అనలేదు, అయినా బలాన్ని పెంచారు. గొట్టాలు పగిలేది ఇలాంటి పనులతోనే. చివర్లో దాన్ని 350కి తేవాలని రాసుకుని ముందుకు వెళ్లాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నీడలోనే చెమట కారుతున్న వేళ, ట్యాంకు మీద థర్మామీటరు పెడితే 72 డిగ్రీలు. ఆ వేడి ఈ యంత్రానికి అసాధారణం కాదు. ఆపరేటరు కేబిన్ తలుపు మూసుకుని పనిచేస్తున్నాడు. నేను కింద నిలబడి ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను. బూమ్ 4.6 సెకన్లు. మూడు చుట్లకు 18.5. జబ్బు కళ్లెదుట కనిపిస్తోంది. పైలట్ 37 బార్లు, రిలీఫ్ ఉదయం ఉన్నంతే. ఇంజను వేగం అణగడం లేదు. ఒత్తిడి ఉంది, ప్రవాహం లేదు. పైలట్ బాగుంది కనుక లివర్ల నుంచి వాల్వుకు ఆజ్ఞ సరిగానే పోతోంది. ఇక మిగిలింది పంపు వంపు. పంపు వంగలేకపోతోందా, వంగవద్దని దానికి ఎవరైనా చెబుతున్నారా అన్నదే ప్రశ్న.

ఇక్కడ సొలినాయిడ్ కాయిల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. మునుపటి మెకానిక్ దీన్ని వేడిగా ఉన్నప్పుడు కొలిచి 20 ఓములు దాటిందని, చల్లగా ఉన్నప్పుడు 17 చిల్లరే ఉందని, కాబట్టి కాయిల్ పాడైందని కొత్తది తెప్పించమన్నాడట. నేనూ కొలిచాను: ఉదయం 17.4, మధ్యాహ్నం 20.5. కాయిల్ చుట్టింది రాగి తీగతో. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 30 నుంచి 76 డిగ్రీలకు వేడెక్కిన కాయిల్ 18 శాతం పెరగడమే సహజం, పెరగకపోతేనే అనుమానించాలి. పైగా కంట్రోలర్ కొలిచి పంపేది కరెంటును. నిరోధం కొంచెం పెరిగితే వోల్టేజిని తనే సర్దుకుంటుంది. 24 వోల్టుల వ్యవస్థలో దానికి కావలసినంత వెసులుబాటు ఉంది. వేడి కాయిల్‌ను చల్లని అంకెతో పోల్చి ఎన్ని మంచి కాయిళ్లు పారేశారో తలచుకుంటే బాధేస్తుంది.

మీటరు పెట్టగానే మాయమైన జబ్బు

సొలినాయిడ్‌కు నిజంగా ఎంత కరెంటు పోతోందో చూడాలంటే మీటరును వరుసలో కలపాలి. కంట్రోలర్ సీటు వెనక ఉంది. భోజనాల తర్వాత మీటరు వైర్లను తలుపులోంచి బయటికి లాగి, తలుపు తెరిచే ఉంచి, మళ్లీ పని మొదలుపెట్టించాను. ఆయిలు 73 డిగ్రీలకు వచ్చింది. బూమ్ 3.6 సెకన్లు.

మళ్లీ చూశాం, 3.6. మూడోసారీ అంతే. ఆయిలు పొద్దుటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది, యంత్రం మాత్రం పొద్దుటిలాగే పరుగెడుతోంది. పంపు అరగలేదని ఆ నిమిషంలోనే ఖాయమైంది. వేడికి పలచబడిన ఆయిలు అప్పుడూ పలచగానే ఉంది కదా.

అయితే ఇంతలో మారింది ఏమిటి? నేను కప్లరు విప్పి మీటరు కలిపాను. ఆ కుదుపులో ఏదో వదులు పిన్ను సర్దుకుని ఉంటుందనుకున్నాను. చాలా కేసుల్లో జరిగేది అదే. అందుకే దాదాపు గంటసేపు హార్నెస్‌ను (వైర్ల కట్టను) అంగుళం అంగుళం కదుపుతూ, కప్లర్లు తట్టుతూ, బూమ్ ఎత్తిస్తూ గడిపాను. కంట్రోలర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిచాను, 0.05 వోల్టు. సరఫరా 27.1 వోల్టులు. ఏ వంకా దొరకలేదు.

చెమటతో తడిసిపోయిన ఆపరేటరు అప్పుడు అడిగాడు: "అన్నా, వైర్లు కిటికీలోంచి లాగుదాం. తలుపు మూసి ఏసీ వేసుకుంటాను." సరేనన్నాను. తలుపు మూశాడు, ఏసీ వేశాడు, బూమ్ ఎత్తాడు. 4.6 సెకన్లు.

ఏసీ ఆపమన్నాను, 3.6. వేయమన్నాను, 4.6. పదిసార్లు చేయించాను, పదిసార్లూ ఒకటే. పదకొండు గంటలకు వేడెక్కుతున్నది ఆయిలు మాత్రమే కాదు, కేబిన్ కూడా. ఆపరేటరు ఏసీ వేసేది అప్పుడే. రాత్రి షిఫ్టు ఆపరేటరు కిటికీ తెరుచుకుని పనిచేస్తాడు, ఏసీ జోలికి పోడు. నెల రోజులుగా గడియారం చూపించింది ఏసీ స్విచ్చునే, అందరం ఎండవైపు చూశాం.

ఏసీ కంప్రెసరు ఇంజను శక్తిని లాగుతోంది కాబట్టి యంత్రం నీరసపడుతోందని వాదించవచ్చు. ఆ వాదనను తోసిపుచ్చాలంటే దాన్నీ పరీక్షించాలి. కంప్రెసరు క్లచ్చు కప్లరు పీకేసి, ఫ్యాన్లు మాత్రం నడిపించాను. ఇప్పుడు ఇంజనుకు చెప్పుకోదగ్గ బరువేమీ లేదు. బూమ్ 4.5. దోషం శక్తిది కాదు, కరెంటుదే.

మోసపోయిన కంట్రోలర్

మీటరులో బూమ్ ఎత్తేటప్పటి కరెంటు: ఏసీ లేకుండా 310 మిల్లీ ఆంపియర్లు, ఏసీతో 400. ఈ యంత్రంలో కరెంటు పెరిగితే పంపు తగ్గుతుందని ముందే చెప్పాను. అంటే సొలినాయిడ్‌కు ఆజ్ఞ చేరకపోవడం కాదు, తగ్గమని కంట్రోలరే స్పష్టంగా ఆజ్ఞాపిస్తోంది. సొలినాయిడూ దాని వైర్లూ నిర్దోషులు. కంట్రోలర్‌కు చేరుతున్న సమాచారంలోనే ఏదో అబద్ధం ఉంది.

మానిటర్ సర్వీసు తెరలో పంపు ఒత్తిళ్లు చూశాం. లివర్లు వదిలేసి, ఏసీ ఆపి చూస్తే రెండు పంపులూ 32 బార్లు. గేజీలూ 32 దగ్గరే ఉన్నాయి. ఏసీ వేయగానే తెర మీద 95. గేజీల ముల్లు మాత్రం 32 దగ్గర నుంచి వెంట్రుకవాసి కూడా కదలలేదు. లేని ఒత్తిడి ఉందని నమ్మి కంట్రోలర్ పంపును వెనక్కి లాగుతోంది.

ఇంకొక విషయం గమనించాను. ఒత్తిడి పెరిగేకొద్దీ తెరకూ గేజీకీ తేడా తగ్గుతూ వచ్చింది. ఖాళీగా 63 బార్లున్న తేడా రిలీఫ్ దగ్గరికి వచ్చేసరికి ఇరవై చిల్లర మాత్రమే. ఈ అంకెలు నాకు లోపం ఏ వైరులో ఉందో దాదాపు చెప్పేశాయి. లెక్క ఇది: సెన్సారు తనకు అందిన వోల్టేజిలో ఒక నిష్పత్తిని సిగ్నలుగా ఇస్తుంది. దాని ఎర్త్ వైరు 0.6 వోల్టు పైకి లేచిందనుకుందాం. అప్పుడు సెన్సారుకు అందేది 5 కాదు, 4.4 వోల్టులు. సున్నా ఒత్తిడిలో అది తన ఎర్త్ మీద 0.44 వోల్టు ఇస్తుంది. దానికి లేచిన 0.6 కలిస్తే కంట్రోలర్‌కు 1.04 వోల్టులు కనిపిస్తాయి. కనిపించవలసింది 0.5. కానీ నిండు ఒత్తిడిలో 3.96కు 0.6 కలిస్తే 4.56, అసలు విలువ 4.5కు చాలా దగ్గర. కింద అబద్ధం ఎక్కువ, పైన తక్కువ. "బలం ఉంది, చురుకు లేదు" అని ఆ కుర్రవాడు చెప్పిన మాటకు అంకెల్లో అర్థం ఇదే. బూమ్ ఎత్తేటప్పటి 150 బార్లను కంట్రోలర్ 200గా చదువుతోంది. అప్పుడది 400 లీటర్లు పంపవలసిన చోట 300 పంపుతుంది. 3.5 సెకన్ల పని 4.6 సెకన్లు పడుతుంది. గట్టిగా తవ్వే ఒత్తిడిలో తేడా అంతగా తెలియదు. అన్ని అంకెలూ హద్దుల లోపలే ఉన్నాయి కనుక ఫాల్ట్ కోడుకూ అవకాశం లేదు. సెన్సారే పాడై ఉంటే రెండు సెన్సార్లూ ఒకేసారి, ఒకే కొలతలో, ఏసీ స్విచ్చును చూసి పాడవ్వవు.

సెన్సారు కప్లరు వెనక నుంచి సన్నని సూదులు గుచ్చి కొలిచాను. కప్లరు విప్పి కొలిస్తే లాభం లేదు, కరెంటు పారుతూ ఉండగానే కొలవాలి. సెన్సారు ఎర్త్ వైరుకూ కంట్రోలర్ మీది సెన్సారు ఎర్త్ పిన్నుకూ మధ్య: ఏసీ లేకుండా 0.02 వోల్టు, ఏసీతో 0.60. ఒకే వైరు రెండు కొసల మధ్య 0.60 వోల్టు ఉండటానికి వీల్లేదు. అంటే అది ఒకే వైరు కాదు.

బోల్టు కింద

హార్నెస్ వెంట నడిస్తే కేబిన్ వెనక, ఫ్రేము మూలలో, నల్లటి టేపు చుట్టిన ఒక ముద్ద కనిపించింది. ఎలుకలు కొరికిన చోటు అదే. ఆ ఎలక్ట్రీషియన్ మిగతా వైర్లన్నీ రంగు చూసి జాగ్రత్తగానే అతికించాడు. సెన్సార్ల ఎర్త్ వైరుకు అవతలి కొస దొరకక, ఒక లగ్గు (వైరు కొసకు వేసే లోహపు కన్ను) వేసి పక్కనున్న ఫ్రేము బోల్టుకు బిగించాడు. ఎర్త్ ఎక్కడైనా ఎర్తే కదా అనుకుని ఉంటాడు. నిజానికి ఆ రోజుకు అది పనిచేసింది కూడా. సెన్సార్లు లాగేది కొన్ని మిల్లీ ఆంపియర్లు, ఆ బోల్టు మీద మరో బరువు లేదు.

ఫిబ్రవరిలో ఏసీ బిగించినవాళ్లు లోపలి బ్లోయరుకూ కండెన్సర్ ఫ్యాన్లకూ ఎర్త్ కోసం వెతికి, సిద్ధంగా ఉన్న ఆ బోల్టునే ఎంచుకున్నారు. కింద పెయింటు గోకలేదు. వానాకాలం తుప్పు, దాని మీద గ్రానైటు పొడి. అన్ని లగ్గులూ ఒకదానికొకటి బాగా తగులుతున్నాయి, ఆ దొంతరకూ ఫ్రేముకూ మధ్యే సరైన తగులు లేదు. క్లాంప్ మీటరు పెడితే ఏసీ వైర్లలో 18 ఆంపియర్లు. లగ్గుకూ, అక్కడికి నాలుగు వేళ్ల దూరంలో గోకిన ఫ్రేముకూ మధ్య 0.59 వోల్టు. ఏసీ ఫ్యాన్ల కరెంటు అక్కడ ఇరుక్కుని దొంతరను పైకి లేపుతోంది, దొంతరతోపాటు సెన్సార్ల ఎర్త్ కూడా లేస్తోంది. 0.59ను 18తో గుణిస్తే పది వాట్ల పైచిలుకు. ఆ బోల్టు తల మీద వేలు ఆనించలేకపోయాను. పక్క బోల్టు మామూలుగానే ఉంది. ముందే చేయి పెట్టి చూసి ఉంటే ఒక గంట మిగిలేది.

ఇక్కడ ఓమ్ మీటరు గురించి తప్పక చెప్పాలి. ఏసీ ఆపి, అదే లగ్గుకూ ఫ్రేముకూ మధ్య నిరోధం కొలిస్తే మీటరు 0.3 ఓమ్ చూపించింది. మీటరు వైర్ల కొసలు రెండూ కలిపి పట్టుకున్నా 0.3 ఓమే. అంటే మీటరు తన వైర్లనే కొలుచుకుంటోంది. అసలు నిరోధం 0.59ను 18తో భాగిస్తే వచ్చే 0.033 ఓమ్. మామూలు మల్టీమీటరుకు అది కనపడదు. బజర్ పెడితే ఎర్త్ బ్రహ్మాండంగా ఉందని మోగుతుంది. భారీ కరెంటు పారే ఎర్త్‌ను ఆ కరెంటు పారుతున్నప్పుడు, వోల్టుల్లోనే కొలవాలి. మా కుర్రవాళ్లలో ఎవరైనా బజర్ మోగిందని ఎర్త్ బాగుందంటే నేను ఒప్పుకోను.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అనే సామెత ఉంది. ఇక్కడ కొండను తవ్వే యంత్రంలో మూలకారణం నిజంగా ఎలుకే. కానీ ఎలుక ఒక్కదాన్నీ నిందించలేను. అతికింపు మాత్రమే ఉంటే యంత్రం ఏళ్ల తరబడి నడిచేది. ఏసీ ఎర్త్ మాత్రమే వదులుగా ఉంటే ఫ్యాన్లు కొంచెం నెమ్మదిగా తిరిగేవి, పంపుకు ఏ సంబంధమూ ఉండేది కాదు. వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు చేసిన రెండు చిన్న పొరపాట్లు ఒకే బోల్టు మీద కలిశాయి.

బాగుచేత

సెన్సార్ల ఎర్త్‌ను ఆ బోల్టు నుంచి పూర్తిగా విడదీశాం. దాని అసలు కొస హార్నెస్ లోపల, టేపు ముద్దకు ఒక జానెడు అవతల, కొరికిన చోటే లోపలికి ముడుచుకుని ఉంది. కొత్త వైరు వేసి, క్రింపు చేసి, టంకం పెట్టి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, కంట్రోలర్ సెన్సారు ఎర్త్ పిన్ను దాకా నేరుగా కలిపాం. సెన్సారు ఎర్త్ అనేది కొలతలో ఒక భాగం. తక్కెడకు రెండో పళ్లెం లాంటిది. దాన్ని బాడీకి తగిలించకూడదు, మరో బరువున్న వైరుతో కలపకూడదు. ఆ బాడీ ఎర్త్ ఎంత బాగున్నా సరే.

ఏసీ ఎర్త్‌కు ఫ్రేమును మెరిసే ఇనుము దాకా గోకి, పళ్ల వాషరు వేసి, కొత్త లగ్గులతో బిగించి, పైన గ్రీజు పూశాం. దాని మీదే ఆధారపడకుండా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి అక్కడి నుంచి బ్యాటరీ మైనస్ దాకా వేశాం. ఎలుకలు చొరబడే హార్నెస్ భాగానికి మెలికల గొట్టం తొడిగి, కేబిన్ కింది కంత మూశాం. రిలీఫ్‌ను 370 నుంచి 350కి దించాం.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు, ఆయిలు 74 డిగ్రీల దగ్గర, ఏసీ పూర్తిగా నడుస్తుండగా కొలతలు: ఏసీ ఎర్త్ దగ్గర 0.03 వోల్టు. సెన్సారు ఎర్త్ రెండు కొసల మధ్య మీటరు సున్నా. తెర మీద 33, గేజీలో 32. బూమ్ 3.6 సెకన్లు, మూడు చుట్లు 16. ఆపరేటరు కిందికి దిగకుండానే టిప్పరు నింపడం మొదలుపెట్టాడు.

ఖర్చయింది మూడు మీటర్ల వైరు, నాలుగు లగ్గులు, కొంత గొట్టం, ఇద్దరి రెండు రోజుల కూలి. పంపు విప్పి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. ఓవర్‌హాల్ అయిన పంపు బిగించి ఉదయం నడిపి చూసేవారు, బాగా నడిచేది. మధ్యాహ్నం ఏసీ వేయగానే మళ్లీ మందగించేది. అప్పుడు కంట్రోల్ వాల్వు మీద పడేవారు, దాని తర్వాత కంట్రోలర్ మీద.

యజమాని దగ్గర ఇంకో రెండు యంత్రాలకు అదే మనుషులు ఏసీ బిగించారు. వాటినీ చూడమని నేనే అడిగాను. మొదటిదాంట్లో ఏసీ ఎర్త్ దగ్గర 0.05 వోల్టు, దాన్ని అలాగే వదిలేశాం. రెండోదాంట్లో 0.24. ఆ యంత్రం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, దాని సెన్సార్ల ఎర్త్ తయారీలో వేసిన దారిలోనే ఉంది, తెరా గేజీలూ ఒకే మాట చెబుతున్నాయి. అయినా ఆ బోల్టు విప్పించాను. కింద అదే పెయింటు, అదే పొడి.